బోణీ కాకముందు షాపు మెట్లు ఎక్కకు

చిరంజీవి బిడ్డకు,

పెద్దబాపు దీవెనలు. నువ్వు పంపిన కాగితం చదివిన. పానగల్ దిక్కు మైదానంల మూడు సాయంత్రాలు పాటల పండుగ, టికెట్టు లేదు, ఎవరైనా వచ్చి కూసోవచ్చు. మంచి ఆలోచన. ఖర్చు నాలుగు లక్షలని వేసినవు, అదీ సరిగనే ఉన్నది. నాకు నచ్చనిది చివర రాసిన లైను. "ఒక్క పెద్ద స్పాన్సర్ దొరికితే పని అయిపోతది" అన్నవు చూడు, అది కొట్టేయి.

మొత్తం పైసలు ఒక్కడే ఇస్తే పండుగ వానిదైతది. మొదటిరోజు వాని బ్యానర్ స్టేజీకంటే పెద్దగ ఉండాలంటడు, కాదనలేవు. రెండోరోజు మా బామ్మర్ది ఒక పాట పాడతడంటడు. మూడోరోజు ఎవరో నాయకుణ్ని తోలుకొచ్చి మైకు చేతికిస్తడు. నువ్వు బతిమాలి పిలిపించిన కళాకారులు స్టేజీ వెనక కుర్చీల్లో ఆవులించుకుంట కూసుంటరు. మళ్లీ ఏడు వానికి గిరాకీ బాగలేకపోతే పండుగే ఉండదు. అందుకే ఎవరి వాటా అయినా లక్ష దాటనియ్యకు. మిగతాది ఐదువేలు, పదివేలు ఇచ్చే షాపుల నుంచి రానీ. తిరుగుడు ఎక్కువైతది, నిజమే. కానీ ఇరవై షాపుల వాళ్లు ఇచ్చినరంటే ఇరవై ఇండ్లోళ్లు "మన పేరు చదువుతరట" అని పిల్లల్ని వెంటపెట్టుకొని వస్తరు. ముందు వరుస కుర్చీలు వాళ్లతోనే నిండుతయి.

ఇగ అడిగే తీరు. ఇన్నేండ్లు బట్టల దుకాణం గల్లా మీద కూసున్నోణ్ని, ఇచ్చేవాని మనసుల ఏం తిరుగుతదో నాకు ఎరుక. పొద్దున బోణీ కాకముందు ఎవరి షాపు మెట్లూ ఎక్కకు. అడిగినా ఇయ్యరు, పైగా ఆ దినమంత గిరాకీ లేకపోతే నీ మొఖమే యాదికొస్తది. దీపం పెట్టే యాళ్లకు కూడ పోకు, ఆ పొద్దు గల్లాల నుంచి పైస బయటికి తియ్యడానికి చాలమంది ఇష్టపడరు. పగటిపూట అన్నం తిన్నంక మూడు గంటల యాళ్ల షాపు సల్లగుంటది, సేటు పేపర్ చూసుకుంట కూసుంటడు. అప్పుడు పో. దసరా, దీపావళి ముంగట బట్టల షాపు, బంగారం షాపు జోలికే పోవద్దు. అట్లనే వడ్ల సీజన్‌ల మిర్యాలగూడ మిల్లులకు పోతే లారీల లైను దాటి లోపలికి పోవుడే కష్టం, మాట్లాడే తీరిక ఎవరికుంటది? మిల్లోళ్లను ఆ రద్దీ తగ్గినంక కలువు.

ఐదారుగురు గుంపుగ పోకండి. గుంపును చూడంగనే వినాయకుడి చందా అనుకుంటరు, ఐదువందలు చేతుల పెట్టి దండం పెడతరు. మీరు ఇద్దరే పోండి, ఒక్క పేజీ కాగితం తీసుకపోండి. తేదీలు, జాగ, ఎవరు పాడుతరు, ఎంత ఖర్చు, సేటు ఎంత ఇస్తే ఆయనకు ఏం దొరుకుతది, ఇవన్నీ దానిమీద ఉండాలె.

"పండుగకు సాయం చెయ్యండి" అని ఉత్తగ అడిగితే ఎవరికీ మనసున పట్టదు. ఫలానా పని ఖర్చు అని చెప్పి అడుగు. నారాయణపేట దిక్కు నుంచి బుర్రవీణ వాయించే వాళ్లను పిలుస్తున్నం, వాళ్ల రానుపోను చార్జీలు, రెండుపూటల భోజనం, ఉండే రూము మీ పేరు మీద అని చెప్పు. మన దక్షిణ తెలంగాణల ఎంత సంపద ఉన్నదో మన షాపుల వాళ్లకే సగం తెల్వదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారు నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి, 2022ల పద్మశ్రీ వచ్చింది. బుర్రవీణ దాసరి కొండప్ప గారిది నారాయణపేట జిల్లా దామరగిద్ద, ఆయనకు 2024ల వచ్చింది. వీళ్ల ముచ్చట నాలుగు మాటల్ల చెప్పు, సేటు పేపరు పక్కన పెడతడు. సినిమా పాటల ఆర్కెస్ట్రా అయితే ఆయన పెండ్లిళ్లల్ల రోజూ వింటనే ఉన్నడు, దానికి పైసలు ఎందుకియ్యాలె?

పైసలే కావాలని పట్టుపట్టకు. టెంట్ హౌస్ ఆయన కుర్చీలు, షామియానా ఇస్తడు. వాటర్ ప్లాంట్ ఆయన క్యాన్లు ఇస్తడు. టిఫిన్ హోటలోళ్లు కళాకారులకు ఇడ్లీ, ఉప్మా పంపుతరు. బయట దానికి కిరాయి ఎంతైతదో లెక్కగట్టి అంత ఇచ్చినట్టే రాసి, పైసలిచ్చినోళ్ల పక్కనే వాళ్ల పేరు పెట్టు. సన్మానానికి పాలిస్టర్ శాలువాలు కొనుడు బంద్ చెయ్యి. అవి మీద కప్పుకునేటోళ్లను నేనైతే చూడలే. నారాయణపేట చీరో, పోచంపల్లి దుప్పటో ఒక బట్టల షాపుతోని ఇప్పించు. కళాకారుని ఇంట్ల అది పనికొస్తది, షాపు పేరు కూడ దానితోటే పోతది.

ఒకటే వ్యాపారంల ఇద్దరు పోటీదార్లు ఉంటే పైలం. ఒక బంగారం షాపాయనకు "మీ పేరొక్కటే ఉంటది" అని నోటిమాట ఇచ్చి, రెండో ఆయన ఎక్కువిస్తనంటే ఆ పేరు కూడ ఎక్కించుడు మన ఊర్ల కొత్తకాదు. అట్ల ఒక్కసారి చేస్తే ఆ వార్త సాయంత్రానికి గడియారం సెంటర్ దాక పోతది. ఒక్కరి పేరే అన్నది ఇవ్వదల్చుకుంటే రేటు ఎక్కువ పెట్టు, కాగితం మీద రాయి, ఆ మాట మీదనే నిలబడు. అంత ధైర్యం లేకపోతే ముందే ఇద్దరికీ చెప్పు, ఇద్దరి పేర్లు ఒకటే సైజుల ఉంటయని.

పైసలు నీ ఫోన్‌కు గానీ, మీ జట్టుల ఎవరి సొంత ఖాతాకు గానీ రావద్దు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. చేసుకోండి. సంఘం పేరు మీద ఖాతా తెరిచి, ఇద్దరు సంతకం పెడితేనే పైస బయటికొచ్చేటట్టు పెట్టుకోండి. షాపాయనకు కూడ నగదు కంటే చెక్కో యూపీఐనో మేలు. ఒక్కరికి ఒక రోజుల పదివేలు దాటి నగదు ఇస్తే ఆదాయపన్ను లెక్కల్ల దాన్ని వ్యాపార ఖర్చు కింద ఒప్పుకోరు. ఈ ముక్క చెప్పు, "పిల్లలు లెక్క తెలిసినోళ్లే" అనుకుంటడు. రసీదు మీద విరాళం అని రాయకు. ఆయన పేరు మీరు ప్రచారం చేస్తున్నరు, అది ప్రకటన ఖర్చు. బిల్లు అట్లనే ఇయ్యి.

సిమెంట్ కంపెనీల సీఎస్ఆర్ పైసలు, అంటే సమాజం కోసం కంపెనీలు ఖర్చుపెట్టాల్సిన పైసలు, అడుగుతమన్నవు. అడగొచ్చు గానీ ముందు కథ తెలుసుకో. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికరలాభం ఐదు కోట్లున్నా, టర్నోవర్ వెయ్యి కోట్లున్నా, నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) ఐదువందల కోట్లున్నా ఆ కంపెనీ మూడేండ్ల సగటు లాభంల రెండు శాతం ఖర్చుపెట్టాలె. సంప్రదాయ కళలు ఆ జాబితాల ఉన్నయి. అయితే తమ సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదు. ఇంకోటి, సంఘం అసొంటి పనుల్ల మూడేండ్ల నుంచి ఉండాలె, సంఘానికీ, దానికి ఇచ్చేటోళ్లకూ పన్ను మినహాయింపు దొరికే రిజిస్ట్రేషన్లు ఆదాయపన్ను శాఖ కాడ ఉండాలె. మీది నిన్న మొన్నటి సంఘం, ఈ ఏడు కాదు. అదే కంపెనీల ప్రకటనలు చూసే ఆఫీసర్ వేరే ఉంటడు, డీలర్ ద్వారా ఆయన్ని పట్టుకో. జీఎస్టీ సంగతి కంపెనీ వచ్చినప్పుడు ఆడిటర్‌ను అడుగు. చిన్న షాపుల దాక అది మామూలుగ తలనొప్పి కాదు.

అందరికంటే ముందు, నువ్వు అడగకముందే పైసలు పట్టుకొని వచ్చేటోడు వెంచర్ ఆయన. నల్లగొండ చుట్టుపక్కల ఏ రోడ్డు చూసినా ప్లాట్ల ఫ్లెక్సీలే కద. వద్దనను గానీ రెరా, అంటే ప్లాట్ల వ్యాపారం మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ, ఇచ్చిన నంబర్ అడుగు. జాగ 500 చదరపు మీటర్లు దాటితే, రెరాల రిజిస్టర్ కాకముందు ప్రకటనలు ఇయ్యొద్దని 2016 చట్టం. నంబర్ ఇయ్యనోని పేరు మన స్టేజీ మీద వద్దు. రేపు ప్లాట్లు లిటిగేషన్ల పడితే జనం నిన్ను పట్టుకొని "మీ పండుగల చూసే కొన్నం" అంటరు. జర్దా, సిగరెట్ కంపెనీలకు 2003 చట్టంతోటే దారి బంద్. మందు బ్రాండ్లు సోడా పేరు మీద, నీళ్ల సీసా పేరు మీద వస్తయి, ఆడపిల్లలు, ముసలోళ్లు కూసునే కాడ అసొంటివి అక్కర్లేదు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రచారం 2025 చట్టంతో నిషేధం. రాజకీయ నాయకులు స్పాన్సర్ చేస్తనంటే మర్యాదగ "మీరు కుటుంబంతోటి వచ్చి ముందు వరుసల కూసోండి" అను. చాలమంది నొచ్చుకోరు, కొందరు నొచ్చుకుంటరు. నొచ్చుకోనీ.

తేదీల ముచ్చట. సంక్రాంతి పోయినంక, మాఘమాసం చెరువుగట్టు జాతర రాకముందు పెట్టుకో. పెద్దగట్టు జాతర ఉన్న ఏడయితే ఇంకా చూసుకోవాలె, సూర్యాపేట దిక్కు పైసలు, జనం రెండూ అటే పోతయి. ఫిబ్రవరి ఆఖరుకొస్తే ఇంటర్ పరీక్షలు, అప్పుడు మైకు పెడితే తల్లిదండ్రులే కొట్లాటకొస్తరు. పోలీసుల అనుమతి, కరెంటోళ్ల తాత్కాలిక మీటరు, మున్సిపల్ ఆఫీసు కాగితం నెల ముందే తెచ్చుకో. స్పాన్సర్ అడిగితే చూపెట్టొచ్చు. సినిమా పాటలు పాడిస్తే ఐపీఆర్ఎస్ (పాటల హక్కుదార్ల సంఘం) లైసెన్సు ఖర్చు కూడ లెక్కల వేసుకో. రాత్రి పదింటికి లౌడ్‌స్పీకర్ ఆగాలె, 2000 నాటి రూల్స్ అవి. కార్యక్రమం తొమ్మిదిన్నరకే ముగిసేటట్టు రాసుకుంటే, ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

ఇగ స్టేజీ. స్పాన్సర్లందరినీ మొదలుపెట్టకముందే ఒక్కసారే పైకి పిలిచి, ఫొటో తీసి, ఐదు నిమిషాల్ల దించెయ్యి. ఒక్కొక్కరినీ విడిగ సన్మానిస్తే మొదటి పాటకే ఎనిమిదైతది. యాంకర్ పాటకు పాటకు నడుమ రెండు పేర్లు చదవాలె, షాపు పేరు తప్పు పలకకుండ ముందే ఒకసారి చదివించు. కిన్నెర, బుర్రవీణ సొరబుర్రల వాద్యాలు, శబ్దం సన్నం. వాటికి ముంగట డీజే పెట్టి, గుండెలదిరే జింగిల్ ఏసి, ఎంబటే కళాకారుణ్ని వాయించమంటే ఆ పెద్దమనిషి తీగ మీటింది ఎవరికీ వినపడదు. వాళ్లు వాయించే అరగంట ప్రకటన లేదని స్పాన్సర్లకిచ్చే కాగితంలనే రాయి. ఒక్క స్పాన్సర్ కూడ దీనికి అడ్డం చెప్పడు, అడుగుతే చూడు.

కళాకారుల పైసలు ఆ రాత్రే, వాళ్లు బస్సెక్కకముందు చేతుల పెట్టాలె. స్పాన్సర్ చెక్కు ఇంక రాలేదన్న మాట వాళ్లకు చెప్పకు, అది నీ తిప్పలు. అందుకే స్పాన్సర్ల కాడ సగం పైసలు ముందే తీసుకో.

అయిపోయినంక వారం లోపల ప్రతి షాపుకు మళ్లీ పో. బ్యానర్ ముంగట జనం కనపడే ఫొటో ఒకటి, జమాఖర్చుల కాగితం ఒకటి ఇయ్యి. పైసలు మిగిలితే మిగిలినయని రాయి, తక్కువపడితే ఎవరు వేసుకున్నరో రాయి. అప్పుడు మాత్రం వచ్చే ఏడు సంగతి ఎత్తకు, చాయ్ తాగి రా.

నేను ఫోన్ చేసి నలుగురికి చెప్పాలంటవేమో, చెప్పను. పెద్దబాపు మొఖం చూసి ఇచ్చిన పైసలు నాతోనే పోతయి, నీ మొఖం చూసి ఇస్తే నీకు నిలుస్తయి. ఎవరి షాపుల ఎవరు మాట వింటరో, ఎవరికి కొడుకు లెక్కలు చూస్తడో, ఎవరికి పాటలంటే పిచ్చో మాత్రం చెప్త. ఆదివారం పగటీలి వచ్చి, నీ లిస్టు తీసుకొని రా.

మీ పెద్దబాపు
నల్లగొండ