వానాకాలం దాకా రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

పినతుబో అగ్నిపర్వతం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. 1991 జూన్ 15 నాటి విస్ఫోటనానికి పేజీలకు పేజీలు ఇచ్చి, చివర్లో "ఆ తర్వాత అంతా సద్దుమణిగింది" అని తేల్చేశావు. ఆ వాక్యం కొట్టెయ్. ఫిలిప్పీన్స్‌లో ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏదీ సద్దుమణగలేదు.

ఆ రోజు కొండ మీంచి దూసుకొచ్చిన వేడి బూడిద, నురగరాళ్లు చుట్టుపక్కల లోయల్ని పూడ్చేశాయి. కొన్నిచోట్ల మేట 200 మీటర్ల దాకా ఉంది. ఇక్కడ తొందరపడకు, నిదానంగా రాయి. బూడిద వేడిని అంత తేలిగ్గా వదలదు. పైపొర చల్లబడినా లోపల వందల డిగ్రీల వేడి ఏళ్లపాటు ఉంటుంది. కిందేమో పూడిపోయిన పాత ఏరు, పైనేమో వాన. నీళ్లు ఆ వేడిని తాకి ఆవిరైతే, మామూలు పీడనంలో సుమారు 1,700 రెట్ల చోటు కావాలి. సందు దొరికితే బుసకొడుతూ పోతుంది. దొరక్కపోతే పైనున్న బూడిదను ఎగరగొడుతుంది.

సందు దొరికిన కథ అలాస్కాలో ఉంది. 1912లో నోవరుప్తా అనే అగ్నిపర్వతం పేలింది. 1916లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ గ్రిగ్స్ అక్కడికి వెళ్లేసరికి లోయంతా ఆవిరి పొగలే. దానికి 'పదివేల పొగల లోయ' అని పేరు పెట్టాడు. వేడి తగ్గేకొద్దీ ఆ పొగలు దాదాపు అన్నీ ఆగిపోయాయి.

దొరకని కథకు అమెరికాలో 1980లో పేలిన సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతాన్ని చూడు. నురగరాళ్ల మైదానంలో పేలుళ్లు గోతులు తవ్వాయి. పినతుబోలోనూ నదులు వేడి మేటల్ని కోసిన చోటల్లా ఇలాంటి పేలుళ్లే. బూడిద మేఘాలు కిలోమీటర్ల ఎత్తుకు లేచేవి. ఒక్కోసారి మేట జారి కొత్త వేడి ప్రవాహంగా పరుగెత్తేది. వీటిని "అగ్నిపర్వతం మళ్లీ పేలింది" అని మాత్రం రాయకు. ఈ పేలుళ్లలో కొత్త శిలాద్రవమేమీ పైకి రాలేదు. పని చేసింది పాత వేడి, కొత్త నీళ్లు. ఈ విషయంలో నేను కాస్త మొండివాణ్ణే.

విస్ఫోటనం రోజునే వచ్చిన యున్యా తుఫానుకు తడిసి బరువెక్కిన బూడిద ఇళ్ల కప్పుల్ని కూల్చడం వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకు. లహార్లను, అంటే బూడిద బురద ప్రవాహాలను, మాత్రం వదలొద్దు. వానకు కరిగిన మేట తడి కాంక్రీటులా నదుల వెంట దిగి, 1995లో బకోలార్ పట్టణాన్ని పూడ్చింది. అక్కడి శాన్ గిల్యెర్మో చర్చి సగం ఎత్తు దాకా కూరుకుపోయింది.

వచ్చే ప్రతితో పాటు ఒక మ్యాపు పంపు. ఏ నది ఎటు దిగుతుందో అందులో గీయి.