కౌంటర్-స్ట్రైక్ ఆటగాళ్లలో నా మొదటి అయిదుగురు

తుపాకులతో జట్లుగా పోరాడే వీడియో గేమ్ కౌంటర్-స్ట్రైక్ చరిత్రలో అత్యుత్తములైన అయిదుగురిని వరుసగా చెప్పమని అడిగారు. నేను పోటీల్లో ఆడినవాడిని కాను. కాలేజీ రోజుల్లో విజయవాడ నెట్ సెంటర్లలో దాని పాత రూపమైన 1.6 ఆడి, 2018 నుంచి ఈ ఆటలో అతిపెద్ద టోర్నీలైన మేజర్లను అర్ధరాత్రి దాటేవరకు మేలుకొని చూస్తున్న ప్రేక్షకుడిని. నేను ప్రత్యక్షప్రసారంలో చూసినవారికే స్థానమిచ్చాను కాబట్టి, 2016లో రెండు మేజర్లు గెలిచిన కోల్డ్‌జెరా వంటివారు ఇందులో లేరు.

నా వరుస ఇది: జైవూ, సింపుల్, డివైస్, నికో, డాంక్.

ఈ వరుసలో నన్ను ఎక్కువ కాలం వేధించినది సింపుల్, డివైస్‌ల మధ్య తేడా. 2018 లండన్ మేజర్ ఫైనల్లో డివైస్ ఉన్న ఆస్ట్రాలిస్ జట్టు సింపుల్ ఉన్న నావి జట్టును 2-0తో ఓడించింది. ఆ టోర్నీ ఉత్తమ ఆటగాడు కూడా డివైసే. అయినా ఆ ఏడాది హెచ్‌ఎల్‌టీవీ వెబ్‌సైట్ ప్రకటించిన ఉత్తమ ఆటగాళ్ల జాబితాలో మొదటి స్థానం సింపుల్‌కు, రెండోది డివైస్‌కు దక్కినప్పుడు అది అన్యాయమని స్నేహితులతో గట్టిగా వాదించాను. ఆ మ్యాచ్‌లను మళ్లీ చూశాక నా అభిప్రాయం మారింది. ఆస్ట్రాలిస్‌లో ఒకరు గ్రెనేడ్లతో దారి తెరిచేవారు, మరొకరు ముందు చనిపోయి సమాచారం ఇచ్చేవారు, డివైస్ సరైన క్షణంలో ఆప్ (స్నైపర్ తుపాకీ) పేల్చేవాడు. సింపుల్‌కు అంతటి ఏర్పాటు లేదు. చేజారిన రౌండ్లను ఒక్కడే వెనక్కి తెచ్చేవాడు. 2021లో మంచి జట్టు కుదిరాక స్టాక్‌హోమ్ మేజర్‌ను నావి ఒక్క మ్యాపు (మ్యాచ్‌లో ఒక వేదికపై ఆడే భాగం) కూడా ఓడకుండా గెలవడం నా సందేహాన్ని పూర్తిగా తీర్చింది. నాలుగు మేజర్లు గెలిచిన డివైస్‌ను మూడో స్థానంలో ఉంచడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

జైవూ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. 2019 నుంచి 2024 వరకు ఏ ఏడాదీ అతను హెచ్‌ఎల్‌టీవీ జాబితాలో రెండో స్థానం కిందికి దిగలేదు. జట్టు సభ్యులు మారారు, జట్టు భాష ఫ్రెంచి నుంచి ఇంగ్లిషుకు మారింది, ఆటే సీఎస్2 అనే కొత్త రూపానికి మారింది. అతని ఆట మాత్రం తగ్గలేదు. 2023లో సొంత దేశంలో, పారిస్‌లో, మేజర్ గెలిచిన రాత్రి నేను కూడా ఇంట్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

నికోకు 2025 ముగిసేనాటికి ఒక్క మేజర్ కూడా లేదని కొందరు అభ్యంతరం చెబుతారు. స్టాక్‌హోమ్ ఫైనల్లో, న్యూక్ మ్యాపులో, అతని డెజర్ట్ ఈగిల్ పిస్టల్ గురి తప్పిన క్షణం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అయితే ఆప్ పట్టినవాడికి ఒక్క గుండు చాలు, దూరమూ రక్షణగా ఉంటుంది. రైఫిల్‌తో ఆడేవాడు మాత్రం ఎదురెదురుగా నిలబడి గెలవాలి. నా వరుసలో మొదటి ముగ్గురూ ఆప్ ఆటగాళ్లే కాబట్టి, రైఫిల్‌తో ఇన్నేళ్లు ముందు వరుసలో నిలిచిన నికోను పక్కన పెట్టలేను.

డాంక్ 17 ఏళ్ల వయసులో 2024 షాంఘై మేజర్ గెలిచి, అందులో ఉత్తమ ఆటగాడయ్యాడు. అతన్ని అయిదో స్థానంలో ఉంచడానికి కారణం అనుభవం తక్కువ కావడమొక్కటే. ఇంకో మూడేళ్లు ఇదే స్థాయిలో ఆడితే నికోకు పైన, బహుశా డివైస్‌కు కూడా పైన ఉంచుతాను.