ఫ్యూర్ ఎలీజ్ మొదలుపెడుతున్న సౌజన్యకు

చిరంజీవి సౌజన్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

కీబోర్డు కొన్నావని, మొట్టమొదట బీతోవెన్ 'ఫ్యూర్ ఎలీజ్' నేర్చుకుంటానని పట్టుబట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కానీ "అసలుది నా వల్ల కాదు, ఈజీ వెర్షన్‌తో సరిపెట్టుకుంటా" అన్నావట, ఆ మాట నాకు నచ్చలేదు. ఇన్నేళ్లు పిల్లలకీ పెద్దలకీ పియానో నేర్పినదాన్ని కాబట్టి చెబుతున్నా. ఈజీ వెర్షన్‌లో స్వరాల సంఖ్య తగ్గుతుంది, అంతే. లయ, మెత్తదనం, ఏ సంగీత వాక్యం ఎక్కడ ముగుస్తుందో చెవి పెట్టి వినడం, ఇవన్నీ అందులోనూ ఉంటాయి. దాన్ని చిన్నచూపు చూడకు.

ముందు నోట్స్ చూసి ఎంచుకో. కొన్నింటిలో ఎడమ చేతిని దాదాపు తీసేసి కుడి చేతి ట్యూన్ మాత్రం ఉంచుతారు, అవి వద్దు. 3/8 తాళం (అంటే బార్ అనే ఒక్కో గడికి మూడు లెక్కలు), 'ఏ మైనర్' స్కేలు, ఎడమ చేతికి ఒక్కొక్కటిగా వచ్చే మూడేసి స్వరాలు, ఇవి ఉన్న కాపీ తీసుకో. మధ్యలో వచ్చే రెండు కష్టమైన భాగాలు లేకపోతే బెంగపడకు. అసలులో కూడా మొదటి భాగమే మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. దానికి నీ 61 కీల కీబోర్డు సరిపోతుంది.

ఇప్పుడు కుడి చెయ్యి. బొటనవేలు 'ఏ' మీద, చూపుడు వేలు 'బీ', మధ్య వేలు 'సీ', ఉంగరం వేలు 'డీ', చిటికెన వేలు 'ఈ' మీద పెట్టు. మొదటి తొమ్మిది స్వరాలూ, ఈ-డీషార్ప్-ఈ-డీషార్ప్-ఈ-బీ-డీ-సీ-ఏ, చెయ్యి కదపకుండానే పలుకుతాయి. ఉంగరం వేలొక్కటే డీషార్ప్ కోసం, అంటే డీకి కుడి పక్కనున్న నల్ల కీ మీదికి, జరిగి మళ్లీ తెల్ల కీకి వస్తుంది. చిటికెన వేలికి బలం చాలదని చాలామంది ముంజేతితో గుద్దుతారు. అప్పుడు ప్రతి 'ఈ' ఠంగుమంటుంది. మణికట్టు వదులుగా పెట్టి, వేలిని కీకి ఆనించే ఉంచి నొక్కు.

రెండు చేతులు కలపాలంటే అందరికీ టెన్షనే. నిజానికి ఈ భాగంలో రెండు చేతులూ ఒకేసారి పడేది బార్ మొదటి దెబ్బ మీదే. 'ఏ' దగ్గర రెండూ కలుస్తాయి. ఆ తర్వాత ఎడమ చెయ్యి ఈ, ఏ అని రెండు స్వరాలు పలికి ఊరుకుంటుంది. వెంటనే కుడి చెయ్యి సీ-ఈ-ఏ అని అందుకుంటుంది. ఒకటి-అండ్-రెండు-అండ్-మూడు-అండ్ అని నోటితో లెక్కపెట్టు. ఎడమ చేతివి ఒకటి, అండ్, రెండు. కుడి చేతివి అండ్, మూడు, అండ్. మొట్టమొదటి ఈ-డీషార్ప్ కూడా 'మూడు-అండ్' మీదే మొదలవుతాయి, 'ఒకటి' మీద కాదు. ఇది తప్పితే ట్యూన్ అంతా పక్కకు జరిగిపోతుంది.

తడబడే చోట్లు రెండున్నాయి. నాలుగో బార్‌లో కుడి చెయ్యి కింది 'ఈ' పలికి, ఒక్క గెంతులో పై స్థాయి 'ఈ'కి వెళ్లాలి. రెండోది, మొదటిసారి ఈ-జీషార్ప్-బీ అని పైకెక్కి 'సీ' మీద ఆగే వాక్యం, తిరిగి వచ్చినప్పుడు 'ఈ' నుంచి 'సీ'కి ఎగిరి, 'బీ' మీదుగా దిగి 'ఏ' మీద ముగుస్తుంది. వేళ్లు అలవాటు కొద్దీ పాత దారే పడతాయి. అందుకే రోజూ మొదటి స్వరం నుంచే మొదలుపెట్టకు. మూడో బార్ చివరి నుంచి ఐదో బార్ దాకా ఒక ముక్క, ఏడో బార్ ఒక ముక్క, ఇలా విడిగా వాయించి, ఆ తర్వాత కలుపు. మొదట్నుంచి వాయించేవాళ్లకు మొదటి రెండు బార్లు అద్భుతంగా వస్తాయి, మిగతావి ఎప్పటికీ రావు.

వేగం సంగతి. ఆ తొమ్మిది స్వరాలు వినీ వినీ ఉన్నాం కదా, చెయ్యి దానంతటదే పరుగెత్తుతుంది, ఎడమ చెయ్యి రాగానే చతికిలపడుతుంది. నీకు కష్టంగా ఉన్న బార్ ఏ వేగంలో వస్తుందో మొత్తానికీ అదే వేగం పెట్టుకో. మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని లయ చెప్పే సాధనం) నిమిషానికి 60లో పెట్టి, టిక్కుకొక లెక్క, అంటే బార్‌కి మూడు టిక్కులు. చిన్నప్పుడు సరళీ వరసలు మొదటి కాలంలో ఎంత ఓపిగ్గా పాడావో అలాగే. బీతోవెన్ కూడా దీనికి రాసింది 'పోకో మోటో', అంటే కాస్త కదలికతో అని, పరుగెత్తమని కాదు.

మొదట్లోనే 'పీపీ' అని గుర్తు కనబడుతుంది. చాలా మెత్తగా, చిన్న సద్దుతో అని. మెత్తగా వాయించడం గట్టిగా వాయించడం కంటే కష్టం, కీ సగంలో వదిలేస్తే మోతే రాదు. కీబోర్డులో టచ్ సెన్సిటివిటీ (నొక్కిన బలాన్ని బట్టి మోత మారే సదుపాయం) ఆన్ చెయ్యి, రిథమ్ బీట్లు ఆపెయ్యి. స్వరాన్ని సాగదీసే కాలి మీట, పెడల్, దాని జోలికి ఇప్పుడే వద్దు, తడబాటంతా అందులో దాక్కుంటుంది.

'ఫ్యూర్ ఎలీజ్' అంటే 'ఎలీజ్ కోసం' అని; అడిగావట, ఎవరీ ఎలీజ్ అని. ఇంతవరకు తేలలేదమ్మా. బీతోవెన్ దీన్ని 1810లో రాశాడు, ఆయన 1827లో పోయాడు, ఇది అచ్చయింది 1867లో. ఆయన చేత్తో రాసిన ఆ ప్రతి కూడా ఇప్పుడు దొరకడం లేదు. బతికుండగా అచ్చుకే ఇవ్వని చిన్న ముక్క ఇది. కచేరీలో వాయిస్తున్నట్టు కాకుండా, పక్కన కూర్చున్న ఒక్క మనిషికి వినిపిస్తున్నట్టు వాయించు.

ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజున ఒక్క ముక్కే తీసుకో, పది నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే అదే మేలు. మొదటి ఎనిమిది బార్లు ఆగకుండా వచ్చాక ఫోన్లో రికార్డు చేసి పంపు. ఆ తర్వాత భాగంలో ఈ-డీషార్ప్‌లు వరసగా వచ్చే చోట ఎన్నిసార్లు వచ్చాయో లెక్క తప్పిపోతుంది, అది ఎలా గుర్తుపెట్టుకోవాలో అప్పుడు చెబుతా.

మీ పెద్దమ్మ