పల్లపు జాగాలో తెల్లమద్ది

చిరంజీవికి ఆశీస్సులు.

వానాకాలమంతా నీళ్లు నిలిచే మీ కాలనీ పార్కు మూలలో ఏ చెట్టు నాటాలని అడిగావు. చెరువు శిఖానికి, అంటే చెరువు నిండితే మునిగే భూమికి, ఆనుకున్న ఆ నల్లరేగడిలో వేప బతకదు, దాని వేళ్లు కుళ్లిపోతాయి. వాగుల ఒడ్డున తనంతట తానే పెరిగే తెల్లమద్దిని నాటమని నా సలహా. నర్సరీలో ఉత్త మద్ది అని అడిగితే నల్లమద్దిని ఇచ్చినా ఇవ్వవచ్చు. మొక్క దశలో బెరడును బట్టి పోల్చుకోలేము కాబట్టి, విత్తనం ఏ చెట్టుదో అడుగు. నున్నని లేతబూడిద బెరడు, ఐదు రెక్కల కాయ ఉన్నదే మనకు కావలసిన చెట్టు.

ముందుగా అక్కడ అడుగున్నర లోతు గుంత తీసి, సాయంత్రం నిండా నీళ్లు పోసి, తెల్లవారి వెళ్లి చూడు. నీళ్లు ఇంకా నిలిచి ఉంటే గుంత తీసి నాటే ఆలోచన మానుకో. రేగడిలో గుంత తీసి, ఇసుక, ఎరువు కలిపి నింపితే, చుట్టుపక్కల నీరంతా ఆ గుల్ల మట్టిలోకే చేరి, బయటికి పోయే దారి లేక, వేళ్లకు గాలి అందకుండా చేస్తుంది. లేత మొక్కలను చంపేది నీరు కాదు, ఆ గాలి కరువే. అందుకని అక్కడి మట్టితోనే అడుగున్నర ఎత్తు, ఆరడుగుల వెడల్పు దిబ్బ పోసి, మొక్క మొదలు దిబ్బ పైమట్టానికి సరిగ్గా ఉండేలా నాటు. కాండాన్ని మట్టితో కప్పవద్దు.

పెద్ద మొక్క కోసం ఆశపడకు. చాలాకాలం కవరులోనే ఉన్న మొక్కకు వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుపోతాయి, అవి భూమిలోకి వెళ్లినా ఆ మెలిక విడదు. మోకాలెత్తు మొక్కనే తెచ్చుకో. ఇది ఇరవై మీటర్లకు పైగా పెరగగలదు కనుక ప్రహరీకి, కరెంటు తీగలకు దూరంగా నాటు.

తడి నేల కదా అని వేసవిలో నీళ్లు మానవద్దు. ఏప్రిల్‌లో రేగడి నెర్రెలిచ్చి లేత వేళ్లను తెంపేస్తుంది. మొదటి రెండు మూడు వేసవులు ఎండుటాకులు మందంగా పరిచి, వారానికోసారి నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టించు. ఆకుల మీద బుడిపెలు కనిపించినా మందు కొట్టించకు, అది ఒక పురుగు చేసే పని, చెట్టు తట్టుకుంటుంది.

తొలకరి పడ్డాక ఆ మూలలోకి బండి దిగదు కనుక, మే నెలలోనే దిబ్బ పోయించి, నేల తడిశాక జూన్‌లో నాటు.

మీ మామయ్య