షిమజు వారిది తెగా, వంశమా?

సందేహం: జపాన్ చరిత్రపై వచ్చిన ఒక తెలుగు వ్యాసంలో "షిమజు తెగ 1609లో ర్యుక్యూ రాజ్యంపై (నేటి ఒకినవ దీవులు) దండెత్తింది" అని చదివాను. అదే వ్యాసంలో ఒకచోట "షిమజు కులం" అనీ, ఇంకోచోట "షిమజు క్లాన్" అనీ ఉంది. సమురాయ్ కుటుంబాలకు ఏ మాట వాడాలి? వంశం అనే మాట రాజులకే చెల్లుతుందా? ఆ వ్యాసంలో 'షిమజు వంశస్తులు' అని కూడా ఉంది.

సమాధానం: ఒకే ఇంటివారిని ఒకే వ్యాసంలో మూడు రకాలుగా పిలిచారంటే, ఆ రచయితకు ఏ మాటమీదా నమ్మకం కుదరలేదన్నమాట. 'క్లాన్' అని తెలుగు లిపిలోకి దించేసి పని అయిపోయిందనుకోవడం సోమరితనం. 'కులం' ఒకప్పుడు వంశానికి పర్యాయపదమే. కులగురువు, కులదైవం అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. కాని నేటి పాఠకుడికి కులం అనగానే వేరే సంగతి తోస్తుంది కనుక దాన్నీ వదులుకోక తప్పదు.

'తెగ' మాటకు మూలం 'తెగు' ధాతువు. తెగి వేరుపడిన భాగం తెగ. అక్కడి నుంచే రకం, శాఖ, జాతి అనే అర్థాలు వచ్చాయి. మన పత్రికలు మాత్రం ఆఫ్రికా వారైనా సరే, అరేబియా వారైనా సరే, జపాన్ వారైనా సరే, పరాయి దేశపు కుటుంబమైతే చాలు తెగను చేసేస్తున్నాయి. ఎర్రన హరివంశం రాశాడు గాని హరితెగ రాయలేదు కదా!

ఇక నాకు ఇష్టమైన మాటకు వస్తాను. సంస్కృతంలో 'వంశం' అంటే ముందుగా వెదురు. వెదురుతో చేసిన పిల్లనగ్రోవి వంశి అయింది. వెదురుకు కణుపులుంటాయి, ఒక కణుపు మీద మరొకటి లేచినట్లు ఒక తరం మీద మరొక తరం లేస్తుంది కనుక సంతతికీ వంశమనే పేరు వచ్చింది. కణుపును పర్వం అనడమూ ఉంది. భారతంలోని భాగాలను పర్వాలన్నది అందుకే. ఈ పోలికలో రాజత్వం ఊసే లేదు. ఎదుగుదల, వరుస, పాతుకున్న చోటు ఉన్నాయి. అందువల్ల వంశం రాజులకే చెల్లుతుందన్న మీ అనుమానానికి ఆధారం లేదు. వైద్యుల వంశం, నట్టువుల వంశం అని మనం అనడం లేదా?

షిమజు వారికి ఈ మాట మరీ బాగా అతుకుతుంది. క్యూషూ దీవి దక్షిణాన క్యోతో కులీనులైన కొనొయె వారికి షిమజు అనే విశాలమైన జాగీరు ఉండేది. తరువాత షోగున్ (సైనిక పాలకుడు) అయిన మినమొతొ యొరితొమొ 1185లో కొరెమునె తదహిసను దానికి అధికారిగా నియమించగా, ఆయన ఆ జాగీరు పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. మన ఇంటిపేర్లలో చాలాభాగం ఊళ్ల నుంచి వచ్చినట్లే ఇదీ. ఆయన యొరితొమొ కొడుకేనన్న కథను ఆ ఇంటివారు గర్వంగా చెప్పుకొన్నారు గాని చరిత్రకారులు ఒప్పుకోరు. 1526లో ప్రధాన శాఖ తడబడినప్పుడు, దాని పెద్ద కత్సుహిస ఇసకు అనే ఉపశాఖలోని పిల్లవాడు తకహిసను దత్తత తీసుకున్నాడు. ఆ దత్తతపై లోలోపల పెద్ద కలహమే నడిచినా, తకహిస నిలదొక్కుకొన్నాడు. ఆయన కొడుకులు నలుగురూ క్యూషూలో చాలాభాగాన్ని జయించారు. తెగిపోవలసినది పక్క కణుపు నుంచి మళ్లీ చిగిర్చితే దాన్ని తెగ అనడమేమిటి?

1587లో జపాన్‌ను ఏకం చేస్తున్న హిదెయొషికి లొంగినా సొంత నేల నిలుపుకొన్నారు. 1600లో సెకిగహర యుద్ధంలో ఓడిన పక్షాన మిగిలిన యొషిహిరొ (ఆ నలుగురు కొడుకుల్లో ఒకడు), వెనక్కి పారిపోకుండా శత్రువుల నడుమ నుంచే దూసుకుపోయాడు. వెంట ఉన్నవారు కొందరు కొందరుగా దారిలో తుపాకులతో చతికిలబడి, చచ్చేదాకా కాల్చి, దొరకు కాస్త దూరం సంపాదించిపెట్టారు. వెయ్యికి పైబడిన బలగంలో ఇల్లు చేరినవారు సుమారు ఎనభై మందే. ఆ తరువాత కూడా వారి నేలను, యుద్ధంలో గెలిచిన తొకుగావ వారి ప్రభుత్వం లాక్కోలేదు. కగొషిమలోని వారి సెంగన్-ఎన్ ఉద్యానంలో ఒక వెదురు తోపు ఉంది. ఆ మొసొ జాతి వెదురును 1736లో షిమజు యొషితక ర్యుక్యూ నుంచి తెప్పించి నాటించాడని అక్కడివారు చెబుతారు. వంశానికి వంశం తోడైంది!

అయితే ఒక మెలిక ఉంది. వంశం వేరు, వారు ఏలిన 7,70,000 కొకుల (కొకు ఒక ధాన్యపు కొలత) బియ్యపు రాబడి గల సత్సుమ వేరు. దాన్ని సంస్థానం అనాలి. మీరు ఉదహరించిన వాక్యంలో దండెత్తినది సత్సుమ సైన్యం. దాన్ని నడిపిన కబయమ హిసతక షిమజు వారి కొలువులోని సేనాని. 1866లో సత్సుమ చోషూ అనే మరో సంస్థానంతో చేతులు కలిపినప్పుడు ముందున్న సైగో తకమొరి, ఒకుబొ తొషిమిచిలు ఆ సంస్థానపు కింది తరగతి సమురాయ్‌లే. అక్కడ షిమజు వంశం అని రాస్తే, తెగ అన్నంత కాకపోయినా, తప్పే.

కనుక పుట్టుక, వారసత్వం చెప్పేటప్పుడు 'షిమజు వంశం', 1871లో రద్దయిన పాలనను చెప్పేటప్పుడు 'సత్సుమ సంస్థానం', మామూలు కథనంలో 'షిమజు వారు' అనవచ్చునని నా అభిప్రాయం. జపనీయులు తమ భాషలో ఆ ఇంటిపేరుకు 'ఇల్లు' అనే అర్థమిచ్చే మాట చేర్చి చెప్పుకొంటారు కనుక 'వారు' దానికి బాగా దగ్గరగా ఉందనిపిస్తుంది. తెగ అన్నవారిని వెలివేయనక్కర లేదు గాని, అనకపోతే మంచిది. పేరులోని 'జు'ను జుట్టులోని 'జు'లాగా పలకాలి. ఆ వ్యాసంలో 'షిమజు వంశస్తులు' అని కూడా ఉందని మీరు చివర రాశారు; వంశంలో ఉన్నవాడు వంశస్థుడు, థకారం ఒత్తు పోగొట్టకండి.