రాకెట్లతో అరోరా అంటోంది మా పాప, ఏరోస్పేస్‌లో వేసెయ్యమంటారా?

పర్లాకిమిడిలో బట్టల షాపు నడుపుతున్న ఒక తండ్రి రాశారు: "మా పాప ప్లస్ టూ సైన్స్. నార్వేలో రాకెట్లు వదిలి ఆకాశంలో రంగుల మబ్బులు చేసిన వీడియో చూసింది, అప్పట్నుంచి పై వాతావరణం మీద రీసెర్చ్ చేస్తానని ఒకటే పట్టు. నేను విశాఖ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో ఏరోస్పేస్ సీటుకు అడ్వాన్సు కట్టేశాను. అదా, బీఎస్సీ ఫిజిక్సా, పోల్చి చెప్పండి. ఫిజిక్స్ అయితే ఉద్యోగం రాదని, పీహెచ్‌డీ అంటే పెళ్లీడు దాటిపోతుందని మా వాళ్లంతా భయపెడుతున్నారు."

పోలిక చెప్తాను గానీ, మీ టెన్షన్ అంతా ఆ చివరి మాటలోనే ఉందండీ. ఒడిశా సరిహద్దులో మన తెలుగు కుటుంబాల నుంచి ఏటా నాకు ఇదే ప్రశ్న వస్తుంది, గుణుపురం నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు. కోర్సు పేరు మారుతుంది, భయం మాత్రం అదే.

ముందు పాప చూసిందేమిటో తెలుసుకోండి. 2019 ఏప్రిల్ 5న నాసా వాళ్లు నార్వేలోని ఆండోయా నుంచి రెండు రాకెట్లు వదిలారు. అవి వంద కిలోమీటర్ల పైన కొన్ని రసాయనాల ఆవిరిని విడిచాయి. బేరియం ఎండ తగలగానే అయాన్లుగా, అంటే విద్యుత్ చార్జి ఉన్న కణాలుగా మారి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు నడిపినట్టు కదులుతుంది, చార్జి లేకుండా మామూలుగా ఉండిపోయే మబ్బు మాత్రం అక్కడి గాలితో పాటు కొట్టుకుపోతుంది. రెండింటి దారులూ ఫొటోలు తీసి పోలిస్తే అంత ఎత్తున ఏం జరుగుతోందో తెలుస్తుంది. చూడ్డానికి అరోరాలా, అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులా ఉన్నా అది అరోరా కాదు. నిజంగా మనుషులు చేసిన అరోరా 1969 జనవరి నాటిది. అమెరికాలోని వాలప్స్ ద్వీపం నుంచి వెళ్లిన రాకెట్‌లో ఎలక్ట్రాన్ గన్ పెట్టి, ఎలక్ట్రాన్లను కిందికి చిమ్మితే, దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున గాలి సన్నగా వెలిగింది. దాన్ని నేల మీది కెమెరాలు పట్టాయి. ఇందులో ఒక చిక్కుంది: ఎలక్ట్రాన్లు బయటికి పోతున్నకొద్దీ రాకెట్ పాజిటివ్‌గా మారి వాటినే వెనక్కి లాగేస్తుంది. ఆ చార్జి ఎలా పోగొట్టాలన్నదే ఒక పెద్ద ప్రశ్న. 1975లో ఫ్రాన్స్, సోవియట్ శాస్త్రవేత్తలు దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గెలెన్ దీవి నుంచి ఇలాగే ఎలక్ట్రాన్లు చిమ్మి, భూమి అయస్కాంత క్షేత్రంలో అదే రేఖ రెండో చివర రష్యాలోని అర్హాంగెల్స్క్ దగ్గర పరికరాలు పెట్టుకుని చూశారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏరోస్పేస్ ఇంజినీరు పని ఎంత, ఫిజిక్స్ ఎంత?

మీరు సీటు కోసం తిరిగినప్పుడు బ్రోచర్ మీద రాకెట్ బొమ్మ చూసుంటారు. లోపల సిలబస్ పేజీ తీయండి. ఏరోడైనమిక్స్, స్ట్రక్చర్స్, ప్రొపల్షన్, ఫ్లైట్ మెకానిక్స్ ఉంటాయి. ప్లాస్మా (అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వాయువు) ఫిజిక్స్ అనో, అయనోస్ఫియర్ (పై వాతావరణంలో అలాంటి కణాలుండే పొర) అనో ఒక్క పేపరు కనిపిస్తుందేమో వెతకండి. నాకు కనిపించిన వాటిలో లేదు. చంద్రయాన్ తర్వాత ఈ బ్రాంచీకి వచ్చిన గిరాకీ చూస్తుంటే నాకు నిజంగా భయంగా ఉంది. మంచి విండ్ టన్నెల్, అనుభవమున్న ఫ్యాకల్టీ ఉన్న చోట అది గొప్ప చదువే, కాదనను. అవేవీ లేని కాలేజీలో నాలుగేళ్లు చదివిన పిల్లలు చివరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల క్యూలోనే నిలబడుతున్నారు, సీఎస్ఈ వాళ్ల వెనకాల. మీరేమో పాపని ఒక్క మాట అడక్కుండా అడ్వాన్సు కట్టొచ్చారు. అది తప్పండీ. దాని చదువు గురించి ఎదురింటి వాళ్ల అభిప్రాయం కూడా రాశారు గానీ, ఫిజిక్స్‌లో దానికి ఏ పాఠం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు.

ఇక ఉద్యోగం. కృత్రిమ అరోరా పేరుతో ఉద్యోగ ప్రకటన ఎక్కడా రాదు, ఇది పాపకి కూడా చెప్పండి. రాకెట్ ఎగిరేది కొన్ని నిమిషాలు, ఆ డేటాతో కుస్తీ ఏళ్ల తరబడి. రోజువారీ పని అంటే ప్రోగ్రామింగ్, గణితం, పరికరాల రిపేరు. అయితే పై వాతావరణం మన దేశానికి కొత్త కాదు. 1963 నవంబర్ 21న తుంబా నుంచి ఎగిరిన తొలి రాకెట్ మోసుకెళ్లింది సోడియం ఆవిరినే, నార్వేలో చేసినలాంటి పనికే. అయస్కాంత భూమధ్యరేఖ, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉండే గీత, కేరళలోని తుంబా దగ్గరగా పోతుంది కాబట్టి ఆ చోటు ఎంచుకున్నారు. దాదాపు 105 కిలోమీటర్ల ఎత్తున అక్కడ పారే విద్యుత్ ప్రవాహం మీద ఇప్పటికీ పరిశోధన నడుస్తోంది. సాయంత్రం పూట అయనోస్ఫియర్‌లో లేచే ప్లాస్మా బుడగలు జీపీఎస్ సిగ్నల్‌ని చెడగొడతాయి, కాబట్టి ఇది ఊసుపోక చేసే చదువు కూడా కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో పెద్ద రాడార్ ఉంది, అహ్మదాబాద్‌లో పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ), నవీ ముంబైలో భూ అయస్కాంత సంస్థ, తిరువనంతపురంలో విక్రమ్ సారాభాయ్ కేంద్రం. అయనోస్ఫియర్ పరిశోధనకి పాత పేరున్న ఆంధ్రా యూనివర్సిటీ మీకు రైలు దూరమే.

దారి చెప్తాను. బరంపురంలో ఐసర్ ఉంది, భువనేశ్వర్ దగ్గర జట్నీలో నైసర్ ఉంది, రెండూ సైన్స్ చదువులకి కేంద్ర ప్రభుత్వ సంస్థలే. వాటి పరీక్షల్లో లోకల్, నాన్‌లోకల్ గొడవ లేదు, అటు ఆంధ్రలో మన పిల్లలకి ఎప్పుడూ ఉండే తలనొప్పి అదేగా. రెండూ రాకపోయినా భయపడొద్దు, మీ ఊళ్లోని ఎస్‌కేసీజీ కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్, తర్వాత మంచి చోట ఎమ్మెస్సీ. అలా వెళ్లిన పిల్లలు ఉన్నారు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదట నెలకి 37,000, పైన ఇంటద్దె భత్యం. ఐదారేళ్లు మీ మీద ఆధారపడి కూర్చునే చదువు కాదది. మధ్యలో మనసు మారినా ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ రెండూ వచ్చిన పిల్లకి డేటా ఉద్యోగాలు, టీచింగ్ ఎటూ ఉంటాయి. పెళ్లి సంగతి, చదువుకుంటూ పెళ్లి చేసుకున్న వాళ్లూ, డాక్టరేట్ అయ్యాక చేసుకున్న వాళ్లూ నాకు తెలుసు, ఎవరూ ఆగిపోలేదు. మీ భయం ప్రేమ కొద్దీ వచ్చిందే, దాన్ని పాప నెత్తిన పెట్టకండి.

ఈ వారం రెండు పనులు చేయండి. పాపతో కూర్చుని ఐసర్, నైసర్ పరీక్షల తేదీలు చూడండి, ఫారాలు తననే నింపనివ్వండి. రెండోది ఆ అడ్వాన్సు రసీదు తీయండి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకి కేంద్ర మండలి) గుర్తింపు ఉన్న కాలేజీ అయితే, చివరి తేదీ లోపు సీటు వదులుకున్నప్పుడు వెయ్యి రూపాయలకు మించి కోత పెట్టకూడదు. ఆ తేదీ ఎప్పుడో కాలేజీని రాతపూర్వకంగా అడగండి, నోటి మాట మీద ఆగొద్దు.