ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయానని డివైస్ డ్రైవర్లు వదిలేయాలా?

ప్రశ్న: సర్, మాది అనంతపురం. ఈసీఈ పూర్తిచేసి, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ లినక్స్ డివైస్ డ్రైవర్ల (హార్డ్‌వేర్ పరికరాలను నడిపే కోడ్) కోర్సు చేశాను. ఇంటర్వ్యూలో 'ఇంటరప్ట్ వచ్చినప్పుడు అప్పుడప్పుడు డ్రైవర్ హ్యాంగ్ అవుతోంది, ఏం చేస్తారు?' అని అడిగారు. స్పిన్‌లాక్ తీసేస్తానన్నాను. అంతటితో పంపించేశారు. నాన్న టెస్టింగ్‌కి మారిపొమ్మంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టెస్టింగ్ మీకు ఇష్టమైతే వెళ్లండి, మంచి పనే. ఈ ఒక్క జవాబు తప్పిందని మాత్రం వెళ్లొద్దు. చిప్‌లు చేసే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే అడుగుపెట్టిన ఊరు బెంగళూరు. చిప్‌లు చేసే కంపెనీలకు డ్రైవర్లు రాసేవాళ్లు ఇక్కడ ఎప్పుడూ కావాలి.

అసలు అక్కడ జరిగేదేమిటో చూడండి. ఇంటరప్ట్ అంటే 'నన్ను చూడు' అని పరికరం సీపీయూకి ఇచ్చే పిలుపు. స్పిన్‌లాక్ అంటే ఒకేసారి ఇద్దరు ఒకే డేటాను ముట్టకుండా వేసే తాళం, అది దొరికేదాకా రెండోవాళ్లు అక్కడే తిరుగుతూ ఎదురుచూడాలి. డ్రైవర్‌లోని రీడ్ ఫంక్షన్ (ప్రోగ్రామ్ డేటా అడిగితే నడిచేది) లాక్ తీసుకుని, డేటా దాచే బఫర్‌లో పని చేస్తోంది. సరిగ్గా అప్పుడే అదే సీపీయూకి ఇంటరప్ట్ వచ్చింది. రీడ్ ఎక్కడిదక్కడ ఆగి, ఆ ఇంటరప్ట్ పని చూసే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, మొదలైంది. దానికీ అదే లాక్ కావాలి. హ్యాండ్లర్ ముగిస్తే గానీ రీడ్ కదలదు, రీడ్ లాక్ వదిలితే గానీ హ్యాండ్లర్ ముగియదు. ఇంటరప్ట్ వేరే సీపీయూకి వెళ్తే మాత్రం కాసేపు ఎదురుచూసి లాక్ తీసుకుని బయటపడుతుంది. అందుకే 'అప్పుడప్పుడు' అన్నారు. ఆ మాట మీరు పట్టుకోవాల్సింది.

లాక్ తీసేస్తే హ్యాంగ్ పోతుంది, డేటా పాడవుతుంది. లాక్ ఉంచి, రీడ్ వైపు స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్ వాడాలి. అది ఆ సీపీయూ మీద ఇంటరప్ట్‌లను ఆపి, అంతకుముందు అవి ఏ స్థితిలో ఉన్నాయో గుర్తుపెట్టుకుంటుంది. వదిలేటప్పుడు స్పిన్_అన్‌లాక్_ఐఆర్‌క్యూరిస్టోర్ ఆ స్థితిని తిరిగి తెస్తుంది. డేటాను యూజర్ ప్రోగ్రామ్‌కు అందించే కాపీ_టు_యూజర్ నిద్రపోవచ్చు (మధ్యలో ఆగి ఎదురుచూడొచ్చు) కాబట్టి దాన్ని లాక్ వదిలాకే పిలవాలి. ఇంత చెప్పగలిగితే తర్వాతి ప్రశ్న బహుశా ఒక పరికరం ఇంటరప్ట్‌ను ఆపే డిజేబుల్_ఐఆర్‌క్యూ గురించే వస్తుంది. అది నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగుతుంది. దాన్ని హ్యాండ్లర్ లోపలే పిలిస్తే, హ్యాండ్లర్ తను ముగియడం కోసం తనే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అక్కడ అలా ఎదురుచూడని నోసింక్ రకం వాడాలి.

ఇదంతా చదివి వదిలేయకండి, చేసి చూడండి. బోర్డు కొనక్కర్లేదు. కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే క్యూఈఎంయూలో నేర్చుకునేవాళ్ల కోసమే 'ఎడ్యు' అనే పీసీఐ డివైస్ ఉంది, ఇంటరప్ట్‌లు కూడా ఇస్తుంది. దానికి చిన్న డ్రైవర్ రాసి, కావాలనే ఈ తప్పు పెట్టండి. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ప్రూవ్ లాకింగ్ ఆప్షన్ ఆన్ చేస్తే, లాక్‌ల తప్పులు వెతుకుతూ 2006 నుంచీ కెర్నల్‌లోనే ఉన్న లాక్‌డెప్ దాన్ని పట్టుకుంటుంది. హ్యాంగ్ అవ్వక్కర్లేదు. ఆ లాక్‌ను ఒకసారి హ్యాండ్లర్‌లోనూ, ఒకసారి ఇంటరప్ట్‌లు ఆన్‌లో ఉండగా బయటా తీసుకోవడం చూస్తే చాలు, 'ఇన్‌కన్సిస్టెంట్ లాక్ స్టేట్' అని రిపోర్ట్ ఇచ్చేస్తుంది. ఆ రిపోర్ట్‌లో ప్రతి లైనూ అర్థమయ్యేదాకా కూర్చోండి. నా దృష్టిలో మీ కోర్సు సర్టిఫికెట్ కంటే దీని విలువే ఎక్కువ.

నాన్నగారిని మూడు నెలల గడువు అడగండి, అందాకా ఇంకో కోర్సుకు ఫీజు కట్టకండి. రెజ్యూమెలో కోర్సు పేరుకన్నా పైన ఈ డ్రైవర్ గురించి రెండు లైన్లు పెట్టండి: ఎందుకు ఆగింది, ఎలా సరిచేశారు.